మాగ్‌పై వరసలో మంగళహారతి

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఈ వెర్రిబీ ఊళ్ళో మనవాళ్ళు ఎవరింట్లో వ్రతం చేసుకున్నా చివర్న ఒక హారతి పాడతారే, గుర్రబ్బండి ఎక్కినట్టు టకటకమని పరుగెత్తే హారతి, దాని సంగతి చెబుతాను. శేషుకుమారిగారి హారతి అంటారు దాన్ని. గోదావరి జిల్లా పాత హారతి అని కూడా అంటారు. రెండూ నిజమే, కానీ అంతే కాదు.

శేషుకుమారి ఈ దేశం వచ్చిన రోజుల్లో ఇక్కడ కరివేపాకు రెబ్బ దొరకాలంటే గగనం. పెళ్ళయిన మూడో నెలలోనే డాక్టరు జనార్దనరావుగారి వెంట విమానమెక్కేసింది. అత్తింటి పూజగదిలో ఒక్క వ్రతమైనా చూసి ఎరగదు. ఆయనకి పల్లెటూరి ఆసుపత్రిలో ఉద్యోగం, ఉండటానికి రెండు గదుల క్వార్టర్సు. కొడుకు బాలమురళికి రెండేళ్ళొచ్చేసరికి, అదే ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే పని ఈవిడకీ దొరికింది. పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? రాజమండ్రి నుంచి అత్తగారు అలివేలమ్మగారు వచ్చారు. నేతచీర కట్టుకుని, ఊరగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని విమానం దిగిన మనిషి. ఏడాదిన్నర ఉన్నారు.

ఆవిడ మితభాషి. కోడలు ఉద్యోగానికి వెళ్ళడం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పొద్దున్నే కారేజీ కట్టి చేతికిచ్చేవారు, అంతే. తిడితే తిట్టారని ఏడవచ్చు, మెచ్చుకుంటే పొంగిపోవచ్చు. ఏమీ అనని మనిషితో ఏం చేస్తాం? పిల్లాణ్ణి వదిలేసి పోతోందని ఆవిడ మనసులో కష్టపెట్టుకుంటున్నారేమోనని శేషుకుమారి బస్సులో కూర్చుని రోజూ అనుకునేది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మాత్రం దీపం వెలుగుతూ ఉండేది. అత్తగారు పళ్ళెం పట్టుకుని హారతి పాడుతుంటే పిల్లాడు పక్కన నిలబడి చప్పట్లు కొడుతుండేవాడు.

గంధము పూసిన తల్లికి హారతి,
గాజుల చేతుల తల్లికి హారతి...

అక్కడ ఆగి గంట ఒక్కసారి టంగుమనిపించేవారు. తరవాత,

నట్టింట నవ్వేటి అమ్మకు హారతి!

తిరిగి వెళ్ళిపోయే ముందు ఆవిడ పళ్ళెం కోడలి చేతిలో పెట్టి, "ఇది మనింటి హారతి. నా తరవాత నువ్వే పాడాలి" అన్నారు. శేషుకుమారి మళ్ళీ రాజమండ్రి వెళ్ళేసరికి ఆవిడ లేరు. అత్తగారు తనకి ఇచ్చివెళ్ళింది ఆ ఒక్క మాటే. ఆ మాటే పట్టుకుని, బాలమురళికి పెళ్ళయి, మనవరాలు రుచిత పుట్టి పెద్దదయ్యేదాకా, ఒక్క సాయంత్రం తప్పకుండా ఆ హారతి పాడింది. అడిగిన వాళ్ళందరికీ నేర్పింది. మనకి వచ్చింది అలాగే.

ఇప్పుడు రుచితకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు నేథన్, పక్క ఊరు జీలాంగ్ కుర్రాడు. వాళ్ళ నాన్న రస్సెల్ అక్కడే బస్సు నడుపుతాడు. తల్లి లేదు, మేనత్త కొలీన్ పెద్ద దిక్కు. పెళ్ళి ఇంక రెండు వారాలుందనగా తాంబూలాలు పుచ్చుకోవడానికి ఆ ముగ్గురూ వెర్రిబీ ఇంటికి వచ్చారు. పాపం, రస్సెల్ కొత్త కుర్తా వేసుకుని, చెప్పులు బయట విప్పి, సోఫా చివర బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఇచ్చినవన్నీ తిన్నాడు. మిరపకాయ బజ్జీ కూడా తిన్నాడు, కళ్ళనీళ్ళు కారుతున్నా.

తాంబూలాలు అయ్యాయి. శేషుకుమారి పళ్ళెంలో కర్పూరం వెలిగించి పిల్లలిద్దరి ముందూ నిలబడి ఎత్తుకుంది.

మొదటి చరణానికే రస్సెల్ తల పైకెత్తాడు. అక్క వంక చూశాడు. ఆవిడా తమ్ముడి వంక చూసింది. రెండో చరణానికి ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి. శేషుకుమారి ఆగి గంట కొట్టబోయింది. సరిగ్గా అక్కడే రస్సెల్ నోటితో "ఫ్వీఈఈ" అని పెద్ద ఈల వేశాడు! అరవై ఏళ్ళు దాటిన ఆ అక్కాతమ్ముళ్ళిద్దరూ మోచేతులు రెక్కల్లా టపటపా కొట్టుకుంటూ లేచి నిలబడ్డారు.

అందరూ పగలబడి నవ్వారు. నేథన్ మొహం కందగడ్డలా అయింది.

"డాడ్! వాట్ ఆర్ యూ డూయింగ్?"

"ఇది మాగ్‌పై పాట కదరా!" అన్నాడు రస్సెల్ ఇంగ్లీషులో, ఆనందం పట్టలేక. "టిన్‌పాట్ అంకుల్ షెడ్డు! మా చిన్నప్పుడు టీవీలో రోజూ వచ్చేది. మేడమ్, మీకెలా తెలుసు?"

"తెలియడమేమిటి? ఇది మా అత్తగారి హారతి" అంది శేషుకుమారి.

బాలమురళి ఊరుకోవచ్చుగా! ఫోన్లో వెతికి టీవీకి కలిపాడు. పాత కార్యక్రమాలు ఇష్టపడేవాళ్ళు ఎవరో ఆ ముక్క దాచి ఇంటర్నెట్లో పెట్టారు. నలుపూ తెలుపూ బొమ్మ, మధ్యమధ్య వాన కురిసినట్టు గీతలు. ఒక రేకుల షెడ్డు, అందులో మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న బక్క మనిషి. ఒకడు రంపాన్ని వంచి కమానుతో లాగుతుంటే అది పిల్లిలా మూలుగుతోంది. ఇంకొకడు చెంచాలు తొడ మీద కొడుతున్నాడు. పొయ్యి మీద కెటిల్ ఉంది. బక్క మనిషి రొట్టెలో సాసేజు, అదే మాంసం కూరి పొడుగ్గా చేసేది, పెట్టుకుని తినబోతుంటే గుడ్డతో చేసిన మాగ్‌పై, ఇక్కడ కాకిలా తిరిగే నలుపూ తెలుపూ పిట్ట, వచ్చి తన్నుకుపోతుంది. అతను టకటకమని దాని వెంట పరుగెడతాడు. పాట అదే. రెండు చరణాలు కాగానే అందరూ గప్‌చుప్‌గా ఆగుతారు, కెటిల్ ఫ్వీఈఈ అని ఈల వేస్తుంది, మళ్ళీ పరుగు. కింద కూర్చున్న పిల్లలందరూ మోచేతులు టపటపలాడిస్తున్నారు.

వరస అచ్చం అదే. సందేహమే లేదు. గంట కొట్టే చోట ఈల, అంతే తేడా.

జనార్దనరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అయితే శేషూ, ఇన్నేళ్ళూ అమ్మవారికి సాసేజు పాట వినిపించావన్నమాట! ఉల్లిపాయ కూడా ముట్టని శుక్రవారాలు!"

"నాకు నేర్పింది మీ అమ్మగారే లెండి" అంది శేషుకుమారి. ఆ మాటకి ఇంకా నవ్వారు. ఆవిడా నవ్వింది. పళ్ళెంలో కర్పూరం కొండెక్కింది. దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

నవ్వినందుకు కాదర్రా ఆవిడ బాధ. మనింటి హారతి అని చెప్పి ఎవరిదో ఆటపాట చేతిలో పెట్టారా అని. ఉద్యోగమే ముఖ్యమనుకున్న కోడలికి ఇది చాల్లే అనుకున్నారా? వేళాకోళమా? అలా తలుచుకునేసరికి బస్సులో కూర్చున్న ఆ పాత దిగులు ఎక్కడికీ పోలేదనీ, ఇన్నాళ్ళూ ఆ పాట కింద నక్కి ఉందనీ తెలిసింది.

మర్నాడు కోడలు సృజన మెల్లిగా కదిపింది. "అత్తయ్యగారూ, పెళ్ళిలో హారతికి ఏదైనా రికార్డు పెట్టేద్దామాండీ? వాళ్ళ వైపు అంతా ఆ వయసు వాళ్ళే వస్తారు. అందరూ లేచి రెక్కలు కొడితే..."

"పెట్టేయండి" అంది శేషుకుమారి.

"నో వే!" అంది రుచిత. "నానమ్మా, ఇట్స్ యువర్ సాంగ్. నా పెళ్ళిలో నువ్వే పాడాలి. వాళ్ళు రెక్కలు కొడితే కొట్టనీ, హూ కేర్స్?"

"నా పాట కాదమ్మా అది. అదే కదా ఇప్పుడు తేలింది."

ఆ సాయంత్రం దీపం పెట్టింది, పాట పాడలేదు. మరో సాయంత్రమూ అంతే. మూడోనాడు జనార్దనరావుగారు పేపరు మడిచి, "ఏమిటో, కరెంటు పోయిన ఇల్లులా ఉంది" అన్నారు. ఆవిడ వత్తులు చేసుకుంటూ కూర్చుంది. ఏదో ఒకటి వేళాకోళం ఆడి నవ్వించడమే ఆయనకి తెలిసిన విద్య. ఈసారి అది పారలేదని ఆయనకీ అర్థమైంది.

ఆదివారం పొద్దున రస్సెల్ ఒక్కడే వచ్చాడు, సంచీ నిండా పెరట్లో కాసిన నిమ్మకాయలు పట్టుకుని. ఇక్కడివాళ్ళు ఏదైనా మాట చెప్పలేకపోతే నిమ్మకాయలు తెస్తారు, మీరు గమనించే ఉంటారు. గుమ్మం బయటే నిలబడి, "ఆ రోజు నేను తప్పుగా ప్రవర్తించాను. అది మీ ప్రార్థన అని తెలియలేదు. నేథన్ నాకు బాగా గడ్డిపెట్టాడు" అన్నాడు.

"లోపలికి రండి బాబూ" అంది శేషుకుమారి.

ఆ బాబూ అనే పిలుపు ఏమిటో రస్సెల్‌కి రుచిత ముందే చెప్పింది. కొడుకు వరసయ్యేవాళ్ళని అలా పిలుస్తారని. ఆ మాట వినగానే అతని భుజాలు కాస్త దిగాయి. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఆ షో ఎన్నింటికి వచ్చేది?" అని అడిగింది శేషుకుమారి.

"సాయంత్రం. మేం స్కూలు నుంచి వచ్చాక. మా అమ్మ ఉన్ని మిల్లులో పనిచేసేది. తాళంచెవి కాళ్ళపట్టా కింద ఉండేది. నేనూ కొలీనూ తలుపు తీసుకుని, జామ్ రొట్టె తింటూ టిన్‌పాట్ అంకుల్‌ని చూసేవాళ్ళం. బయట చీకటి పడుతుంటే నాకు భయం వేసేది. అమ్మ రాదేమో అనిపించేది. మాగ్‌పై పాటతో షో అయిపోయేది. అది అయిపోయిన కాసేపటికి గేటు చప్పుడయ్యేది." గ్లాసులోకి చూస్తూ నవ్వాడు. "అందుకే ఆ పాట వింటే ఇప్పటికీ అమ్మ వస్తోందనిపిస్తుంది నాకు. మొన్న నవ్వింది అందుకే మేడమ్. ఎగతాళికి కాదు."

అతను వెళ్ళిపోయాక శేషుకుమారి నిమ్మకాయలు బుట్టలో సర్దుతూ ఆలోచించింది. తన బస్సు వచ్చేదీ ఆ వేళకే. ఇక్కడ జీలాంగ్‌లో ఈ పిల్లలు టీవీ ముందు కూర్చున్న సమయంలోనే, అక్కడ క్వార్టర్సులో అత్తగారూ పిల్లాడూ కూర్చున్నారు. అదే పాట విన్నారు. సరే. కానీ దాన్ని తీసుకొచ్చి దేవుడి ముందు ఎందుకు పెట్టినట్టు?

అడగడానికి ఇంక ఒక్కరే మిగిలారు. రాజమండ్రిలో ఆడపడుచు ఉదయలక్ష్మి. ఫోన్లో బొమ్మ కనిపించగానే ఆవిడ, "ఏం వదినా, పెళ్ళివారి హడావిడిలో నేను గుర్తొచ్చానా? చీర కొన్నావా నాకు?" అని మొదలుపెట్టింది.

"కొన్నానులే. ఉదయా, ఒక సంగతి అడుగుతాను, నిజం చెప్పు. మనింటి హారతి నీకొచ్చా?"

"రాకేం!" ఉదయలక్ష్మి గొంతు సవరించుకుని అందుకుంది. గంధము పూసిన తల్లికి హారతి. మాటలన్నీ అవే. వరస మాత్రం వేరు. నిండు గోదారి మీద పడవలా నిదానంగా, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి సాగే వరస. శేషుకుమారి ఎప్పుడూ వినలేదు.

"మరి నాకు నేర్పింది అది కాదు కదే!"

"నీకు తెలియదా వదినా?" ఉదయలక్ష్మి ఆశ్చర్యపోయింది. "తెలుసనుకున్నానే ఇన్నాళ్ళూ! అమ్మ అక్కణ్ణుంచి తిరిగొచ్చిన మొదటి శుక్రవారం పళ్ళెం పట్టుకుని ఈ గంతుల వరస ఎత్తుకుంది. నాన్నగారు చదువుతున్న పుస్తకం కింద పెట్టి, 'ఏమే, నీకేమైనా పూనిందా?' అన్నారు. మేం పడీ పడీ నవ్వాం."

"అత్తయ్యగారేమన్నారు?"

"ఇది నా మనవడి వరస అంది. నువ్వు ఇంకా రాకముందే దీపం పెట్టి పాత వరసలో మొదలుపెడితే చాలు, వాడు నిన్ను తలుచుకుని గుమ్మం వంక చూస్తూ గుక్కపట్టేవాట్ట. దీపం పెట్టడమే మానేద్దామనుకుందట. ఆ టీవీలో పిట్ట పాట వస్తే మాత్రం కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టేవాట్ట. అందుకని మనింటి మాటలన్నీ దాని వరసలో కూర్చుకుంది. పది రోజులు పొయ్యి దగ్గర గొణుక్కుంటూ కుదిర్చిందట. ఈల దగ్గర గంట పెట్టింది."

శేషుకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాన్నగారు ఊరుకోలేదు. తరతరాల వరస మార్చేస్తావా అని దెబ్బలాట వేసుకున్నారు. అప్పుడంది వదినా, నాకు బాగా జ్ఞాపకం. 'నా కోడలు పొద్దస్తమానం రక్తాలూ సీసాలూ చూసి అలిసిపోయి వస్తుంది. గుమ్మంలోకి రాగానే ఏడ్చి ఉబ్బిన పిల్లాడి మొహం చూస్తే మర్నాడు పనిలోకి ఎలా వెళ్తుంది? మానేస్తుంది. అంత చదువుకున్న పిల్ల మానేయకూడదు. అమ్మవారు ఏమీ అనుకోదు, నేను చెప్పుకున్నాను' అంది."

ఇటు వంటింట్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎన్ని వందల సాయంత్రాలు ఆ గుమ్మంలో అడుగుపెట్టి ఉంటుంది! ఏ ఒక్కనాడూ పిల్లాడు ఏడుస్తూ ఎదురు రాలేదు. వాడు తన కోసం బెంగపెట్టుకోడు కాబోలని అప్పట్లో లోలోపల చిన్నబుచ్చుకుంది కూడా.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "అది సాసేజు పాటని తెలుసా ఆవిడకి?"

"సాసేజంటే?"

చెప్పింది. ఉదయలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. "రామ రామ! అమ్మకి ఇంగ్లీషెక్కడిది వదినా? పిట్ట గారె ఎత్తుకుపోయిందని చెప్పింది మాకందరికీ. 'ఆ దేశంలో కూడా గారెలు వండుకుంటారే, కాకపోతే చిల్లి పెట్టరు, పొడుగ్గా చేస్తారు' అని ఊరంతా చెప్పింది!"

ఆ నవ్వు విని జనార్దనరావుగారు ఏమిటేమిటంటూ వచ్చారు. శేషుకుమారి చెప్పింది. ఆయన నవ్వలేదు. తల్లి కూర్చున్న కుర్చీ ఏదో అక్కడే ఉన్నట్టు కిటికీ పక్కకి చూసి, "అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు" అన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ హారతి వినిపించింది.

పెళ్ళి హాల్లో మంట వెలిగిస్తే పైన అలారం మోగుతుందని, హారతికి పిల్లలిద్దర్నీ బయట పచ్చిక మీదికి తీసుకొచ్చారు. గాలి విపరీతంగా ఉంది. ఆడవాళ్ళందరూ కొంగులు అడ్డం పెట్టి కర్పూరం చుట్టూ దడి కట్టారు. అవతల వరసగా రస్సెల్ బలగం కూర్చుంది. నేథన్ అందర్నీ ముందే హెచ్చరించినట్టున్నాడు, చేతులు ఒళ్ళో బిగించుకుని ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు.

శేషుకుమారి అది చూసింది. పళ్ళెం సృజనకిచ్చి, మైకు తెమ్మంది.

"ఈ పాటలో మాటలు మా అత్తవారివి" అంది తన ఇంగ్లీషులో. "వరస మీది. నేను పనికి వెళ్ళినప్పుడు నా బిడ్డ ఏడవకుండా ఉండాలని మా అత్తగారు మీ దగ్గర తీసుకున్నారు. ఆవిడ అడిగి తీసుకోలేదు, ఆవిడకి భాష రాదు. అందుకని ఆవిడ తరఫున ఇవాళ నేను థాంక్యూ చెబుతున్నాను."

పళ్ళెం అందుకుని పాడింది.  వాళ్ళ వైపు ఎవరూ నవ్వలేదు. రెండో చరణానికి సన్నగా కూనిరాగం మొదలైంది. కొలీన్ కాబోలు. తరవాత ఒకరూ ఒకరూ అందుకున్నారు. మాటలు రాని నోళ్ళు వరస పట్టుకుంటే, వరస ఎవరిదో ఇంతకాలం తెలియని మన ఆడవాళ్ళు మాటలు పాడారు. రస్సెల్ మాత్రం పాడలేదు. తల వంచుకుని, గేటు వైపు చెవి పెట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు. బాలమురళి వెళ్ళి అతని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఇక్కడితో అయిపోలేదు. పెళ్ళి హడావిడి సద్దుమణిగాక ఒక శుక్రవారం శేషుకుమారి మళ్ళీ రాజమండ్రికి ఫోను చేసింది.

"ఉదయా, ఆ పాత వరస నాకు నేర్పు."

"ఇప్పుడెందుకు వదినా? నీ వరస నీకుంది కదా!"

"అత్తయ్యగారు నా కోసం అది పక్కన పెట్టేశారు కదే. పక్కన పెట్టిందాన్ని అలాగే వదిలేస్తే పోతుంది. నీ తరవాత ఇంకెవరికీ రాదు."

చరణం చరణం నేర్చుకోవడం మొదలుపెట్టింది. గంతుల వరస నోట్లో ఊరుకుంటుందా? మధ్యలో దూకి వచ్చేసేది. అవతల ఉదయలక్ష్మి, "ఆగు వదినా, పరుగెత్తకు, పిట్టేమీ రాలేదు" అని అరిచేది. అలా తంటాలు పడుతుండగా బాలమురళి ఆఫీసు నుంచి వచ్చాడు. యాభై దాటిన మనిషి, బ్యాగు కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నాడు.

"ఎలా ఉందిరా?"

"ఏమో అమ్మా, ఏడుపొస్తోంది" అన్నాడు.

"వస్తే ఏడువు నాన్నా. నేను ఇంట్లోనే ఉన్నానుగా" అంది శేషుకుమారి, చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటూ.

విన్నారుగా. ఇప్పుడు ఆవిడ దగ్గర రెండు వరసలున్నాయి. రెండూ నేర్చుకోండి. ఎవరైనా ఇది గోదావరి హారతా అని అడిగితే అవునని ఊరుకోకండి. రేకుల షెడ్డునీ, గారె ఎత్తుకుపోయిన పిట్టనీ కలిపి చెప్పండి. కోడలు నిశ్చింతగా పనికి వెళ్ళాలని తన ఇంటి రాగాన్ని తానే దాచేసిన అలివేలమ్మగారి పేరు మాత్రం మరిచిపోకుండా చెప్పండి. మీ పిల్లలు ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే చెప్పండి, ఫరవాలేదు. చెప్పకుండా మాత్రం ఉండకండి.